కండ్లకలక: ఎరుపు ఒక్కటే, కారకులు వేరు

వానలు మొదలై, గాలిలో తేమ చేరిన రోజులలో పిలవకుండానే ఇంటికి వచ్చే అతిథి కండ్లకలక. మొదట బడి నుండి వచ్చిన పిల్లవాడు కన్ను నులుముకుంటాడు. మరునాటి ఉదయం వాని రెప్పలు అంటుకుపోయి తెరచుకోవు. రెండు మూడు రోజులలో తల్లికి, ఆ తరువాత తండ్రికి, చివరకు ఇంటిలోని నాయనమ్మకు కూడా కండ్లు ఎర్రబడతాయి. అలమారులో ఎప్పుడో, ఎవరికో వ్రాసి ఇచ్చిన చుక్కల మందు సీసా ఉంటుంది. దానినే ఇంటిల్లిపాదీ వేసుకుంటారు. వారం గడిచేసరికి కండ్లు తేటపడతాయి. "మంచి మందు" అని ఆ సీసాను మళ్ళీ అలమారులో భద్రపరుస్తారు.

కాని నలుగురిలో ముగ్గురికి నయమై, నాలుగవ వారికి చూపు మసకబారితే? ఆ ఒక్కరి కంటిలో చేరినది వేరొక వైరస్ అయితే? అందరికీ మేలు చేసినట్లు కనిపించిన ఆ సీసాయే ఆ ఒక్కరి కంటికి కీడు చేసి ఉంటే? ఇది కేవలం భయపెట్టుటకు చెప్పే మాట కాదు. నేత్రవైద్యులకు చిరపరిచితమైన ప్రమాదమే. ఎర్రబడిన కండ్లన్నీ చూచుటకు ఒకే విధంగా ఉంటాయి. ఆ ఎరుపు వెనుక ఉన్న కారకులు మాత్రం అనేకులు. వారిని వైద్యులు ఏ విధంగా గుర్తిస్తారు, గృహస్థులుగా మనం ఎంతవరకు గుర్తించగలం, ఎక్కడ ఆగిపోవాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రాచీనులు గమనించినది

ఆయుర్వేదంలో కండ్లకలకకు "అభిష్యందము" అని పేరు. స్రవించుట అనే అర్థం నుండి వచ్చిన మాట ఇది. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో డెబ్బది ఆరు నేత్రరోగాల వర్ణన ఉన్నది. వానిలో చాలా వాటికి అభిష్యందమే మూలమని సుశ్రుతుడు హెచ్చరించాడు. వాత, పిత్త, కఫ, రక్త భేదాలను బట్టి అభిష్యందాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. పొడిచినట్లు నొప్పి, పొడిదనం వాతజంలోను. మంట, వేడి కన్నీరు పిత్తజంలోను. బరువు, దురద, వాపు, జిగట పుసి కఫజంలోను. ఎర్రని చారలు, ఎరుపెక్కిన కన్నీరు రక్తజంలోను కనిపిస్తాయని వివరించాడు.

ఇంతకంటె ఆశ్చర్యం కలిగించే అంశం నిదాన స్థానంలో ఉన్నది. ఒకరి నుండి మరొకరికి ప్రాకే రోగాలను పేర్కొంటూ కుష్ఠు, జ్వరం, శోషలతో పాటు నేత్రాభిష్యందాన్ని కూడా సుశ్రుతుడు చేర్చాడు. శరీరాలు తాకుట, కలిసి భుజించుట, ఒకే శయ్యపై పరుండుట, ఒకరు ధరించిన వస్త్రాలను, పూలమాలలను, పూతలను మరొకరు వాడుట వంటివి ఈ సంక్రమణకు మార్గాలని చెప్పాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో, కేవలం పరిశీలన చేత తెలుసుకొన్న సత్యమిది. నేటి ఇంటిలో ఆ జాబితాకు తువ్వాలు, దిండు గలీబు, కాటుక భరిణె, చుక్కల మందు సీసాలను చేర్చితే సరిపోతుంది.

అయితే లక్షణాలను ఎంత నిశితంగా చూచినా, ఆ లక్షణాలను పుట్టించే జీవి ఏది అన్న ప్రశ్నకు సమాధానం చాలా కాలం తరువాత గాని లభించలేదు.

ఓడల కార్ఖానాలలో పుట్టిన పేరు

కండ్లకలక బ్యాక్టీరియా వలన రావచ్చు, ఎలర్జీ వలన రావచ్చు. కాని ఊరంతా ఒక్కసారిగా ప్రాకే కండ్లకలకకు సాధారణంగా వైరస్‌లే కారణం. వానిలో అగ్రగణ్యమైనది ఎడినోవైరస్.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941 ప్రాంతంలో, అమెరికాకు చెందిన హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్ ఓడల కార్ఖానాలలోను, ఆ తరువాత అమెరికా పశ్చిమ తీరంలోని కార్ఖానాలలోను కార్మికులకు తీవ్రమైన కండ్లకలక ప్రబలింది. ఆ కారణం చేత దానిని "ఓడల కార్ఖానా కన్ను" అని పిలిచారు. ఇనుప రజను కంటిలో పడినప్పుడు కార్మికులు కార్ఖానా వైద్యశాలకు వెళ్ళేవారు. అక్కడ ఒకరి కన్ను పరీక్షించిన చేతులు, పనిముట్లు, మందు సీసాలే మరొకరికి వ్యాధిని అంటించాయి. రోగం పోగొట్టుకొనుటకు వెళ్ళిన చోటనే రోగం తగులుకున్నదన్నమాట.

అప్పటికి ఆ వైరస్ ఏదో ఎవరికీ తెలియదు. 1953లో అమెరికా శాస్త్రవేత్త వాలెస్ రో, ఆయన సహచరులు పిల్లల ముక్కు వెనుక భాగంలో ఉండే ఎడినాయిడ్ కణజాలాన్ని ప్రయోగశాలలో పెంచుతుండగా క్రొత్త వైరస్ బయటపడింది. ఎడినాయిడ్ల నుండి లభించినందున దానికి ఎడినోవైరస్ అని పేరు స్థిరపడింది. 1955లో ఎర్నెస్ట్ జావెట్జ్ బృందం తీవ్రమైన కండ్లకలక గల రోగి కంటి నుండి ఇదే జాతికి చెందిన మరొక రకాన్ని వేరుచేసింది. దానినే నేడు ఎడినోవైరస్ 8 అంటున్నాము.

ఎడినోవైరస్‌లలో ఇప్పటికి నూటికి పైగా రకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. అవన్నీ కంటికి హాని చేసేవి కావు. 3, 4, 7 రకాలు గొంతు నొప్పి, జ్వరంతో కూడిన కండ్లకలకను కలిగిస్తాయి. ఈత కొలనులలో పిల్లలకు అంటుకొనేది తరచుగా ఇదే. 8, 37, 64 వంటి రకాలు తీవ్రమైనవి. ఇవి పైపొరతో ఆగక నల్లగ్రుడ్డుపై ఉండే పారదర్శకమైన పొరకు, అనగా కార్నియాకు కూడా ప్రాకుతాయి. ఎరుపు తగ్గిన తరువాత కూడా అక్కడ చిన్న చిన్న తెల్లని మచ్చలు మిగిలి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకగా ఉండుట కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు బాధిస్తాయి. చాలామందిలో ఈ మచ్చలు క్రమంగా కరిగిపోతాయి.

చంద్రయాత్ర నాటి కండ్లకలక

1969వ సంవత్సరంలో పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశ రాజధాని అక్రాలో మరొక విధమైన కండ్లకలక విజృంభించింది. తెల్లగ్రుడ్డుపై రక్తం చిమ్మినట్లు ఎర్రని మరకలు ఏర్పడేవి. సరిగా ఆ రోజులలోనే అపోలో 11 వ్యోమనౌక చంద్రునిపై మానవుని దించింది. ప్రజలు ఈ రెండింటిని జతచేసి, ఆ రోగానికి "అపోలో వ్యాధి" అని పేరు పెట్టారు. చంద్రునికి, కంటికి ఏ సంబంధం లేకపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

అక్కడి నుండి ఈ వ్యాధి ఆసియాకు ప్రాకి 1971లో మన దేశాన్ని తాకింది. అదే సంవత్సరం బంగ్లాదేశ్ విమోచన పోరాటం జరుగుతుండగా కలకత్తా నగరంలో శరణార్థులతో పాటు కండ్లకలక కూడా ప్రబలింది. అక్కడివారు ఆ రోగాన్ని ఆనాటి నినాదం పేరిట "జోయ్ బంగ్లా" అని పిలిచారు. కారకుడు తెలియనప్పుడు మనుషులు సమీపంలో కనిపించిన దానికి నింద అంటగడతారు. ఒకచోట చంద్రయాత్రకు, మరొకచోట శరణార్థులకు ఆ పేరు తగులుకున్నది.

అసలు కారకుడిని ప్రయోగశాలలు తేల్చాయి. జపాన్ శాస్త్రవేత్తలు రోగుల కంటి స్రావాల నుండి వేరుచేసి, 1972లో వెల్లడించిన వైరస్‌కు ఎంటెరోవైరస్ 70 అని పేరు. ఇది పోలియో వైరస్‌కు దగ్గరి బంధువు. అరుదుగా ఈ కండ్లకలక తరువాత కొందరికి కాళ్ళు చచ్చుబడిన సంఘటనలు కూడా ఆనాడు నమోదైనాయి. 1970లో సింగపూర్‌లో అదే లక్షణాలతో వచ్చిన వ్యాధికి మాత్రం కారకుడు వేరని తేలింది. దాని పేరు కాక్సాకీ వైరస్ ఎ24 రూపాంతరము. కంటిని చూచి ఈ రెండింటిని వేరుచేయుట ఎంతటి నిపుణునికైనా సాధ్యం కాదు. 2023 జూలై, ఆగస్టు నెలలలో మన తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా కండ్లకలక ప్రబలిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు దేశంలో జరిపిన పరీక్షలలో కాక్సాకీ ఎ24 రూపాంతరమే బయటపడింది.

ఎడినోవైరస్ శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు కనిపించుటకు సుమారు అయిదు నుండి పన్నెండు రోజులు పడుతుంది. ఎంటెరోవైరస్ 70, కాక్సాకీ ఎ24లు అంత వ్యవధి ఇవ్వవు. ఒకటి రెండు రోజులలోనే కన్ను ఎర్రబడుతుంది. అందుకే ఇవి వచ్చినప్పుడు బడులు, వసతి గృహాలు చూస్తుండగానే నిండిపోతాయి. తగ్గుట కూడా అంత త్వరగానే ఉంటుంది. అయిదు నుండి ఏడు రోజులలో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఎడినోవైరస్ తెచ్చే తీవ్రమైన కండ్లకలక తగ్గుటకు రెండు మూడు వారాలు కావచ్చును.

ముసుగు వేసుకొన్న శత్రువు

ఇక మూడవ కారకుడు హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. జ్వరం వచ్చి తగ్గిన తరువాత పెదవుల అంచున నీటి పొక్కులు లేవడం మీరు చూచి ఉంటారు. దానికి కారణమైన వైరస్సే కంటికి కూడా ప్రాకవచ్చు. ఒకసారి శరీరంలో ప్రవేశించిన ఈ వైరస్ నరాలలో నిద్రాణంగా ఉండిపోయి, అప్పుడప్పుడు మేల్కొంటుంది.

హెర్పిస్ సాధారణంగా ఒక కంటికే వస్తుంది. రెప్పలపై చిన్న నీటిపొక్కులు లేవవచ్చు. లేవకపోవచ్చు కూడా. ఆరంభంలో అది మామూలు కండ్లకలక వలెనే కనిపిస్తుంది. ఎరుపు, నీరు కారుట, కొద్దిపాటి నొప్పి ఉంటాయి. అలమారులోని సీసా ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

మందుల దుకాణాలలో లభించే అనేక చుక్కల మందులలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఎరుపును, వాపును త్వరగా తగ్గిస్తుంది. ఆ కారణం చేతనే దానికి మంచి పేరు. కాని అది కంటి రక్షణ శక్తిని కూడా అణచివేస్తుంది. హెర్పిస్ సోకిన కంటిలో స్టెరాయిడ్ వేస్తే వైరస్‌కు అడ్డు లేకుండా పోతుంది. కార్నియాపై చెట్టుకొమ్మల ఆకారంలో పుండు ఏర్పడి, అది విస్తరించి, మానిన తరువాత తెల్లని మచ్చను మిగులుస్తుంది. ఆ మచ్చ కనుపాపకు ఎదురుగా పడితే చూపు పోయినట్లే. పైకి ఎరుపు తగ్గి కన్ను బాగుపడుతున్నట్లు కనిపిస్తుండగా లోపల ఈ హాని సాగుతుంది. అందుకే దీనిని ముసుగు వేసుకొన్న శత్రువు అన్నాము. స్టెరాయిడ్‌ను నెలల తరబడి స్వంతంగా వాడినవారికి నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదం కూడా ఉన్నది.

ఇంటిలోని సీసాను తీసి దానిపై వ్రాసిన పేరు చదవండి. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్ ఉన్న మందు. నేత్రవైద్యుడు కంటిని పరీక్షించి వ్రాసి ఇస్తే తప్ప దానిని కంటిలో వేయరాదు. వైద్యులు సైతం కొన్ని సందర్భాలలో స్టెరాయిడ్ వాడతారు. అయితే వారు ముందుగా కార్నియాను చూచి, హెర్పిస్ లేదని నిర్ధారించుకొన్న తరువాతనే వాడతారు.

ప్రయోగశాలలో గుర్తించే విధానాలు

నేత్రవైద్యుడు ముందుగా తన కన్నుతోనే గుర్తిస్తాడు. క్రింది రెప్పను వెనుకకు మడిచి లోపలి పొరను పరీక్షిస్తాడు. అక్కడ సన్నని సగ్గుబియ్యపు గింజల వంటి బుడిపెలు కనిపిస్తే వైరస్ అని అనుమానిస్తాడు. చెవికి ముందు భాగంలో బిళ్ళ కట్టినదేమో తడిమి చూస్తాడు. ఫ్లోరసీన్ అనే పసుపు వర్ణపు ద్రవ్యాన్ని కంటిలో వేసి, నీలి కాంతిలో చూస్తాడు. కార్నియాపై పుండు ఉంటే ఆ భాగం ఆకుపచ్చగా మెరుస్తుంది. చెట్టుకొమ్మ ఆకారం కనిపిస్తే అది హెర్పిస్ అని దాదాపుగా తేలిపోయినట్లే. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. చూపును కాపాడే పరీక్షలలో ఇంత సులభమైనది మరొకటి లేదనవచ్చు.

అంతకు మించి నిర్ధారణ కావలసినప్పుడు నమూనా తీస్తారు. శుభ్రపరచిన పుల్లకు చుట్టిన దూదితో రెప్ప లోపలి భాగాన్ని మృదువుగా తుడిచి, దానిని ప్రత్యేక ద్రవంలో ఉంచి, మంచుగడ్డల మధ్య ప్రయోగశాలకు పంపుతారు. వ్యాధి మొదలైన తొలి రోజులలో తీసిన నమూనాలోనే వైరస్ సమృద్ధిగా ఉంటుంది.

వైరస్ తనంతట తాను పెరగలేదు. జీవకణం ఆశ్రయం కావాలి. అందుచేత పూర్వం నుండి వచ్చిన పద్ధతిలో గాజు పాత్రలో పెంచిన మానవ కణాలపై నమూనాను వేస్తారు. వైరస్ ఉంటే కొద్ది రోజులలో కణాలు పాడవుతాయి. ఎడినోవైరస్ సోకిన కణాలు ఉబ్బి, గుండ్రబడి, ద్రాక్ష గుత్తుల వలె ఒకచోట చేరుతాయి. అది ఎన్నవ రకమో తెలుసుకొనుటకు వేర్వేరు రకాలకు విరుగుడుగా పనిచేసే సీరంలను ఒక్కొక్కటిగా కలిపి చూస్తారు. ఏ సీరం వైరస్‌ను నిలిపివేస్తుందో ఆ వైరస్ ఆ రకానిది. తాళంచెవుల గుత్తి నుండి ఒక్కొక్కటి తీసి తాళంలో పెట్టి చూడటం వంటిదే ఇది. నమ్మదగిన పద్ధతి. కాని ఫలితం వచ్చేసరికి రోజులు, వారాలు గడుస్తాయి. ఆలోగా రోగికి నయం కూడా అయిపోతుంది.

1983లో అమెరికా శాస్త్రవేత్త కేరీ మల్లిస్ కనుగొన్న పి.సి.ఆర్. పద్ధతి ఈ స్థితిని మార్చివేసింది. నమూనాలో వైరస్ జన్యుపదార్థం లేశమాత్రంగా ఉన్నా, దానిని కోట్ల రెట్లు పెంచి గంటలలో గుర్తించుట దీని విశేషం. ఎడినోవైరస్, హెర్పిస్‌లలో ఉండేది డి.ఎన్.ఎ.; ఎంటెరోవైరస్, కాక్సాకీలలో ఉండేది ఆర్.ఎన్.ఎ. కనుక ఈ రెండవ తెగకు చెందిన వాటిని ముందుగా డి.ఎన్.ఎ.గా మార్చి పరీక్షిస్తారు. నేడు నమూనాలోని జన్యువుల అక్షరాలన్నింటిని వరుసగా చదివే పద్ధతి కూడా వచ్చింది. ఏ వైరస్ ఉన్నదో ముందుగా ఊహించవలసిన పని లేకుండానే ఇది కారకుడిని పట్టి ఇస్తుంది. ఎడినోవైరస్‌ను సుమారు పది నిమిషాలలో గుర్తించే చిన్న పట్టీ పరీక్ష కూడా ఉన్నది.

"వైరస్ పేరు తెలిసినంత మాత్రాన ప్రయోజనమేమి? దానికి మందు లేదు కదా" అని కొందరు అడుగుతారు. ఎడినోవైరస్‌కు, ఎంటెరోవైరస్‌కు నేరుగా పనిచేసే మందు వాడుకలో లేని మాట నిజమే. అయినా ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, హెర్పిస్ అని తేలితే దానికి ఎసైక్లోవిర్ వంటి మందులు ఉన్నాయి. సకాలంలో వాడితే చూపు నిలుస్తుంది. రెండవది, వైరస్ అని తేలితే దానిపై ఏ ప్రభావం లేని యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గుతుంది. మూడవది, రోగం ఎన్ని రోజులు ఉంటుందో, ఎన్నాళ్ళు విడిగా ఉండాలో ముందుగా చెప్పవచ్చు. ప్రతి రోగికి ఈ ప్రయోగశాల పరీక్షలు అవసరం లేదు. ఊరంతా ప్రబలినప్పుడు, పసిబిడ్డలకు వచ్చినప్పుడు, తీవ్రమైనప్పుడు, తగ్గవలసిన కాలానికి తగ్గనప్పుడు మాత్రమే ఇవి అవసరమవుతాయి.

ఇంటిలో మనం గుర్తించదగినవి

పుసి చిక్కగా, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉండి, తుడిచిన కొద్దిసేపటికే మళ్ళీ చేరుతుంటే బ్యాక్టీరియా కావచ్చు. నీరు ధారగా కారుతూ, ఇసుక పడినట్లు గరగరలాడుతూ, ఒక కంటితో మొదలై రెండవ కంటికి ప్రాకితే వైరస్ కావచ్చు. చెవి ముందు బిళ్ళ, గొంతు నొప్పి, ఇంటిలోనో బడిలోనో మరొకరికి ఉండుట ఈ అనుమానాన్ని బలపరుస్తాయి. రెండు కండ్లకు దురదే ప్రధానంగా ఉండి, తుమ్ములు కూడా ఉంటే ఎలర్జీ కావచ్చు. అది అంటువ్యాధి కాదు. ఇవన్నీ సూచనలే గాని తీర్పులు కావు.

క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా గృహవైద్యం ఆపి, అదే రోజు నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.

* రెప్పలార్చిన తరువాత కూడా చూపు మసకగా ఉండుట.
* గరగర కాక లోతైన నొప్పి. వెలుతురు ఏ మాత్రం చూడలేకపోవుట.
* ఒక కన్నే ఎర్రబడి, రెప్పలపై నీటిపొక్కులు లేచుట.
* నల్లగ్రుడ్డుపై తెల్లని చుక్క కనిపించుట.
* తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించుట. ఇది నీటికాసుల తీవ్ర రూపం కావచ్చు.
* కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి వచ్చిన ఎరుపు.
* ఎరుపుతో పాటు జ్వరం, ఒంటిపై దద్దుర్లు. పిల్లలలో ఇది తట్టు కావచ్చు.
* వారం గడిచినా తగ్గకపోవుట.

నెల లోపు శిశువు కన్ను ఎర్రబడి చీము కారితే అది అత్యవసర స్థితి. ఒక్క రోజు ఆలస్యం కూడా ఆ కంటికి ముప్పు.

ఇంటి వైద్యం: ఏది మేలు, ఏది కీడు

కండ్లకలకకు మన ఇండ్లలో ఎన్నో చిట్కాలు ఉన్నాయి. తల్లిపాలు పిండుట, తేనె వేయుట, ఆముదం చుక్క, ఉల్లిరసం, నందివర్ధనం పూలరసం, పన్నీరు ఇత్యాదులు. "మా ఇంటిలో అందరికీ తగ్గింది" అని చెప్పేవారు అబద్ధమాడుట లేదు. వైరస్ వలన వచ్చే కండ్లకలక చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. రసం పోసినవారికీ తగ్గింది, పోయనివారికీ తగ్గింది. తగ్గనివారి కథను మాత్రం ఎవరూ చిట్కాగా చెప్పుకోరు. శుద్ధి చేయని ఏ పదార్థమైనా వాచిన కంటిలో వేస్తే క్రొత్త క్రిములు చేరవచ్చు. నందివర్ధనం తొడిమ నుండి కారే పాలు కంటిని మండిస్తాయి. కనుక కంటి లోపల ఏదియు వేయరాదు అన్న నియమాన్ని పాటించండి.

ఆయుర్వేదంలో నేత్రరోగాలకు ఆశ్చ్యోతనం, సేకం వంటి చికిత్సలు ఉన్న మాట వాస్తవం. అవి శాస్త్రోక్తంగా, శుద్ధిగా తయారుచేసిన ఔషధాలతో, రోగావస్థను చూచి వైద్యుడు చేయవలసినవి. వంటింటిలో కాచిన త్రిఫల కషాయాన్ని పలుచని గుడ్డలో వడకట్టి కంటిలో పోసుకొనుట వాటికి సమానం కాదు.

ఇంటిలో నిర్భయంగా చేయదగినవి ఇవి. నీటిని బాగుగా మరిగించి చల్లార్చండి. శుభ్రమైన దూదిని ఆ నీటిలో ముంచి, మూసిన రెప్పలను ముక్కు వైపు నుండి చెవి వైపుకు ఒకేసారి తుడిచి ఆ దూదిని పారవేయండి. రెండవ కంటికి మరొక దూది వాడండి. వాపు, మంట ఉంటే అదే చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై అయిదారు నిమిషాలు ఉంచండి. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేయవచ్చు. కండ్లకు విశ్రాంతి ఇవ్వండి. కాటుక, కాంటాక్ట్ లెన్సులు మానండి.

నేత్రరోగాలు, జలుబు, జ్వరం వంటివి లంఘనం చేత అయిదు రాత్రులలో శాంతిస్తాయని మన వైద్యంలో ఒక ప్రసిద్ధ వచనం ఉన్నది. పైన చెప్పిన ఎంటెరోవైరస్ కండ్లకలక తగ్గే కాలం కూడా ఇంచుమించు అంతే కావడం గమనించదగినది. రోగం తన గడువు తీరి తగ్గేవరకు తొందరపడి మందులు గుమ్మరించక, తేలికగా భుజించి, విశ్రాంతిగా ఉండమనుటలో వివేకం ఉన్నది. పెసరకట్టు, జావ, మజ్జిగ అన్నం వంటి తేలికైన ఆహారం చాలు. పిల్లలు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు ఉపవాసం చేయరాదు.

అంటకుండా ఉండుటకు

కండ్లకలక ఉన్నవారి కండ్లలోకి చూస్తే అంటుకొంటుందని చాలామంది నమ్మకం. చూపు ద్వారా ఏ వైరస్ ప్రాకదు. అది కంటి నుండి చేతికి, చేతి నుండి వస్తువుకు, వస్తువు నుండి మరొకరి చేతికి, అక్కడి నుండి వారి కంటికి చేరుతుంది. నల్ల కళ్ళద్దాలు రోగికి వెలుతురు బాధ తగ్గిస్తాయి, చేయి కంటికి తగలకుండా కొంత ఆపుతాయి. అంతే గాని ఇతరులను రక్షించవు. రక్షించేది చేతుల శుభ్రత.

సబ్బుతో, పారే నీటి క్రింద, అర నిమిషం సేపు చేతులు రుద్ది కడగాలి. ఎడినోవైరస్‌కు, ఎంటెరోవైరస్‌కు క్రొవ్వుతో కూడిన పైపొర ఉండదు. అందువలన శానిటైజర్ వంటి స్పిరిట్ ద్రవాలకు అవి సులభంగా లొంగవు. సబ్బు, నీరు వాటిని చేతి నుండి కడిగివేస్తాయి. ఎడినోవైరస్ పొడి వస్తువులపై వారాల తరబడి జీవించగలదు. కాబట్టి తలుపు గొళ్ళేలు, టెలిఫోను, కుళాయి పిడి వంటివి బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. రోగి తువ్వాలు, దిండు గలీబు విడిగా ఉంచి, వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. తల్లులు పైటచెంగుతో ఒక బిడ్డ కన్ను తుడిచి, అదే చెంగుతో మరొక బిడ్డ ముఖం తుడిచే అలవాటు మానుకోవాలి. కండ్ల నుండి నీరు, పుసి ఆగేవరకు పిల్లలను బడికి పంపరాదు. వైద్యుడు ఎడినోవైరస్ అని చెబితే సుమారు రెండు వారాలు జాగ్రత్త అవసరం.

వైద్యుడు వ్రాసిన చుక్కల మందు ఎవరి సీసా వారిదే. సీసా మొన కంటికి గాని రెప్పకు గాని తగలరాదు. మూత తీసిన నెల తరువాత మందు మిగిలినా పారవేయాలి.

చివరగా ఒక్క మాట. ఈ వ్యాసం చదివిన వెంటనే మీ ఇంటి అలమారు తెరవండి. ఎప్పటిదో, ఎవరిదో చుక్కల మందు సీసా కనిపిస్తే దానిని పారవేయండి. ఇంటిలో ఎవరికైనా కన్ను ఎర్రబడినప్పుడు చేతులు కడుగుకొని, చల్లని తడిగుడ్డ వేసి, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నాయేమో చూడండి. ఉంటే వైద్యునికి చూపండి, లేకుంటే ఓపిక పట్టండి. కంటికి పట్టిన ఎరుపు వారంలో పోతుంది. కార్నియాపై పడిన మచ్చ మాత్రం ఏ చిట్కాకు లొంగదు.